జూలై 1కి అవతల పుట్టిన అమ్మాయి

2023లో కెనడాలోని కాల్గరీలో ప్రపంచ జూనియర్ ఫిగర్ స్కేటింగ్ పోటీలు జరిగాయి. అమ్మాయిల విభాగంలో పతకాల వేదిక మీద ముగ్గురు నిలబడ్డారు. మధ్యలో బంగారు పతకంతో జపాన్ అమ్మాయి మావో షిమడా, ఒక పక్క దక్షిణ కొరియాకు చెందిన షిన్ జియా, ఇంకో పక్క జపాన్‌కే చెందిన అమి నకాయ్. ముగ్గురూ 2008లో పుట్టినవాళ్లే. షిమడాకు, రెండో స్థానంలో నిలిచిన షిన్‌కు మధ్య ఇరవై పాయింట్లకు పైగా తేడా ఉంది. ఈ ఆటలో పావు పాయింటుకు పతకం పోయిన వాళ్లున్నారు. అలాంటి చోట ఇరవై అంటే చాలా పెద్ద దూరం.

మూడేళ్ల తర్వాత, 2026 ఫిబ్రవరిలో, మిలాన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. షిన్ జియా బరిలోకి దిగింది. అమి నకాయ్ కాంస్యం గెలిచింది. కాల్గరీలో ఆ ఇద్దరినీ ఓడించిన షిమడా పేరు మాత్రం జాబితాలోనే లేదు.

గాయమా? కాదు. ఫామ్ పోయిందా? అదీ కాదు. ఒలింపిక్స్‌కు రెండు నెలల ముందు టోక్యోలో జరిగిన జపాన్ జాతీయ పోటీల్లో, సీనియర్లతో పోటీపడి ఆమె రెండో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ కాంస్యం గెలవబోయే నకాయ్ ఆ రోజు ఆమె వెనకే ఉంది. షిమడాను ఆపింది ఒక తేదీ. ఆమె 2008 అక్టోబర్ 30న పుట్టింది. నాలుగు నెలలు ముందు పుట్టి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

నిబంధన చదవడానికి సులువుగానే ఉంటుంది. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ (ఐఎస్‌యూ) లెక్కలో స్కేటింగ్ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. సీనియర్ పోటీల్లో ఆడాలంటే ఆ జూలై 1 రాకముందే పదిహేడేళ్లు నిండి ఉండాలి. ఒలింపిక్స్ ఫిబ్రవరిలో జరిగినా లెక్క చూసేది ముందటి ఏడాది జూలై 1కే. మన దగ్గర పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఫలానా తేదీకి ఇన్నేళ్లు నిండాలంటారు కదా, సరిగ్గా అదే పద్ధతి. వారం తేడాతో ఏడాది ఆగిపోయిన పిల్లలు మన ఇళ్లలోనూ ఉంటారు. బడిలో పోయేది ఒక ఏడాది. ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి వస్తాయి కాబట్టి ఇక్కడ పోయేది నాలుగేళ్లు.

మిలాన్‌కు సంబంధించిన తేదీ 2025 జూలై 1. షిన్ జియా పుట్టింది 2008 మార్చి 19న, నకాయ్ ఏప్రిల్ 27న. ఇద్దరూ గీతకు ఇవతల ఉన్నారు. షిమడా అవతల ఉంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి. మిలాన్‌లో పోటీ జరిగే నాటికి షిమడాకు పదిహేడు నిండి మూడు నెలలు దాటింది. అంటే పదిహేడేళ్లు నిండనివాళ్లు ఆడకూడదనే నిబంధన, పదిహేడు నిండిన అమ్మాయినే బయట నిలబెట్టింది. అదే మంచు మీద కాంస్యం గెలిచిన నకాయ్‌కీ అప్పుడు పదిహేడే.

జపాన్‌కు ఈ బాధ కొత్త కాదు. దానికి ముందు షిమడా పేరు గురించి చెప్పాలి. ఆమె తల్లిదండ్రులు మావో అసడా అభిమానులు. జపాన్‌లో ఇంటింటికీ తెలిసిన ఆ స్కేటర్ పేరే కూతురికి పెట్టుకున్నారు. రాసేటప్పుడు మొదటి అక్షరం వేరు, రెండో అక్షరం ఒకటే. (అసడాకు ఆ పేరు వచ్చింది మావో దాయిచి అనే నటి నుంచి. ఒక పేరు ముగ్గురిని చుట్టి వచ్చింది.)

ఆ మావో అసడా 1990 సెప్టెంబర్ 25న పుట్టింది. 2005లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయింది. అదే ఏడాది డిసెంబర్‌లో టోక్యోలో జరిగిన సీనియర్ గ్రాండ్ ప్రి ఫైనల్లో (ఏటా జరిగే అంతర్జాతీయ వరస పోటీల ముగింపు ఇది), అప్పటి ప్రపంచ ఛాంపియన్ ఇరీనా స్లుట్‌స్కాయాను ఓడించి గెలిచింది. గ్రాండ్ ప్రి పోటీలకు అప్పట్లో వయసు నిబంధన వేరుగా, కొంచెం సడలింపుతో ఉండేది కాబట్టి ఆడనిచ్చారు. ఒలింపిక్స్‌కు మాత్రం 2005 జూలై 1కి ముందే పదిహేనేళ్లు నిండాలి. మూడు నెలలు కూడా లేని తేడాతో 2006 టురిన్ ఒలింపిక్స్ ఆమెకు దక్కలేదు. అక్కడ షిజుకా అరకావా బంగారం గెలిచింది. ఆ ఒలింపిక్స్ మొత్తం మీద జపాన్‌కు వచ్చిన పతకం అదొక్కటే. దేశం పండగ చేసుకుంది. అసడా వెళ్లి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం ఇరవై ఏళ్లయినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

రెండో ఉదాహరణ రికా కిహిరా. అసడా కథ తెలిసినంతమందికి కిహిరా కథ తెలియదు. 2002 జూలై 21న పుట్టింది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు కావలసిన తేదీ 2017 జూలై 1. తేడా మూడే మూడు వారాలు. ఆ తర్వాతి సీజన్లో సీనియర్‌గా అడుగుపెట్టి, 2018 డిసెంబర్‌లో గ్రాండ్ ప్రి ఫైనల్లో ఒలింపిక్ ఛాంపియన్ అలీనా జగితోవానే ఓడించింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ ఈ అమ్మాయివే అని చాలామంది అనుకున్నారు. తీరా ఆ సమయానికి కుడి చీలమండ గాయం వెంటాడింది. 2021 డిసెంబర్ జాతీయ పోటీల నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, దాంతో బీజింగ్ దారి మూసుకుపోయింది. 2025లో ఆమె జోడీగా ఆడే ఐస్ డాన్స్ వైపు మళ్లింది.

2018లో కిహిరాకు శిక్షణ ఇచ్చిన కోచ్ పేరు మియే హమడా. షిమడా కోచ్ కూడా ఆమే. చిన్న పిల్లకు నాలుగేళ్లు ఆగమని చెప్పడం ఎంత తేలికో, ఆ నాలుగేళ్లలో ఒక చీలమండకు ఏమేమి జరగొచ్చో దగ్గరగా చూసిన మనిషి ఆమె.

ఇక అసలు ప్రశ్న. పదిహేను ఉన్న వయసును పదిహేడు ఎందుకు చేశారు?

పదిహేనేళ్ల పరిమితి 1990ల నడుమ వచ్చింది. అప్పటికే సీనియర్ పోటీల్లో ఉన్నవాళ్లకు మినహాయింపు ఇవ్వడం వల్ల అమెరికాకు చెందిన టారా లిపిన్స్కీ 1997లో పధ్నాలుగేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయింది. 2010లు మొదలయ్యాక రష్యా నుంచి పదిహేను, పదహారేళ్ల అమ్మాయిలు వరసగా వచ్చారు. నాలుగు చుట్ల జంప్‌లు వేసేవారు, గెలిచేవారు, రెండు మూడేళ్లలో కనుమరుగయ్యేవారు. 2018లో పదిహేనేళ్లకు బంగారం గెలిచిన జగితోవా 2019 డిసెంబర్‌లో పోటీలకు విరామం ప్రకటించింది. అప్పటికి ఆమె వయసు పదిహేడు. మామూలుగా ఆ వయసులో క్రీడాకారుల జీవితం మొదలవుతుంది.

తర్వాత వలియేవా. 2022 బీజింగ్‌లో పదిహేనేళ్ల కమీలా వలియేవా రష్యా జట్టుకు టీమ్ పోటీలో మొదటి స్థానం తెచ్చింది. ఒలింపిక్స్‌లో క్వాడ్, అంటే నాలుగు చుట్ల జంప్ వేసి నిలబడిన మొదటి మహిళ తనే. మర్నాడే పిడుగులాంటి వార్త వచ్చింది. 2021 డిసెంబర్ 25న ఇచ్చిన నమూనాలో ట్రైమెటాజిడిన్ అనే గుండె మందు ఆనవాళ్లు దొరికాయి. విచారణ పూర్తికాకుండానే వ్యక్తిగత పోటీలో ఆడనిచ్చారు. ఆ పిల్ల మళ్లీ మళ్లీ పడింది, నాలుగో స్థానానికి జారింది, ఏడుస్తూ బయటికొచ్చింది. ఆ రోజు చూసినవాళ్లు దాన్ని మర్చిపోవడం కష్టం. 2024 జనవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం నాలుగేళ్ల నిషేధం విధించింది. టీమ్ పతకాలు మారాయి. అమెరికాకు బంగారం, జపాన్‌కు వెండి వచ్చాయి. అవి చేతికందింది 2024 ఆగస్టులో, పారిస్ వేసవి ఒలింపిక్స్ జరుగుతుండగా. బీజింగ్ చలిలో గెలిచిన పతకాన్ని జపాన్ స్కేటర్లు పారిస్ ఎండలో మెడలో వేసుకున్నారు.

ఆ దుమారం చల్లారకముందే, 2022 జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఐఎస్‌యూ సభ్య దేశాలు సమావేశమై ఓటు వేశాయి. వయసు పెంచాలని 100 ఓట్లు, వద్దని 16. ఒక్కసారిగా మార్చకుండా మెట్లు మెట్లుగా పెంచారు. 2023-24 సీజన్లో పదహారు, 2024-25 నుంచి పదిహేడు.

మెట్లు ఉంటే మెల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది. వాటి కింద నలిగినవాళ్ల వైపు నుంచి చూస్తే వేరుగా కనిపిస్తుంది. నకాయ్ సంగతే తీసుకుందాం. 2023 జూలైకి ఆమెకు పదిహేను నిండాయి, ఆ ఏడాది పదహారు అడిగారు. 2024కి పదహారు నిండాయి, అప్పుడు పదిహేడు అడిగారు. నిబంధన ఏటా ఒక అడుగు ముందే నడిచింది. 2025లో చివరికి అందుకుంది. అది ఒలింపిక్ సీజన్ కావడం ఆమె అదృష్టం. ఆమె మొదటి సీనియర్ సీజన్, మొదటి ఒలింపిక్స్, మొదటి ఒలింపిక్ పతకం అన్నీ ఒకే ఏడాదిలో వచ్చాయి. షిమడాకు అదే పరుగు ఇంకో ఏడాది సాగింది.

ఇప్పుడు జంప్‌ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే వయసు వాదన అంతా తిరిగేది వాటి చుట్టూనే.

ఫిగర్ స్కేటింగ్‌లో ఆరు రకాల జంప్‌లుంటాయి. అయిదింటిలో స్కేటర్ వెనక్కి జారుతూ గాల్లోకి లేస్తుంది. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరే జంప్. దిగేది మాత్రం అన్నిటిలోనూ వెనక్కే. ముందుకు ఎగిరి వెనక్కి దిగాలంటే అరచుట్టు అదనంగా తిరగాలి. కాబట్టి ట్రిపుల్ యాక్సెల్ అంటే మూడున్నర చుట్లు. మహిళల్లో దీన్ని అంతర్జాతీయ పోటీలో మొదట సాధించింది జపాన్‌కు చెందిన మిడోరి ఇటో, 1988లో. అసడా దాన్నే తన సంతకంగా మార్చుకుంది. జపాన్ అమ్మాయిలకు ట్రిపుల్ యాక్సెల్ మీద ఉండే మమకారం అక్కడి నుంచి వచ్చింది. నాలుగు చుట్ల సాల్కో జంప్‌ను మహిళల్లో మొదట వేసింది కూడా జపాన్ అమ్మాయే, 2002లో జూనియర్‌గా ఉన్న మికీ ఆండో.

గాల్లో ఉండే సమయం ముప్పావు సెకను కూడా ఉండదు. అంతలోనే చుట్లన్నీ పూర్తవ్వాలి. చేతులు గుండెకు అదుముకుని, కాళ్లు ముడిచి, శరీరాన్ని కర్రలా సన్నగా చేసుకుంటే వేగంగా తిరుగుతుంది. తుంటి, భుజాలు సన్నగా ఉన్న పన్నెండు, పదమూడేళ్ల ఒంటికి ఇది సులువు. ఎదిగేకొద్దీ ఎత్తు, బరువు, తుంటి వెడల్పు పెరుగుతాయి. అదే బలంతో ఎగిరితే అన్ని చుట్లు తిరగవు. కొత్త ఒంటితో పాత జంప్‌ను మొదటి నుంచి నేర్చుకోవాలి. దిగేటప్పుడు శరీర బరువుకు కొన్ని రెట్ల భారం ఒక్క కాలి మీద, ఒక్క బ్లేడ్ మీద పడుతుంది. రోజుకు పదుల సార్లు, ఏళ్ల తరబడి, ఇంకా గట్టిపడని ఎముకల మీద.

షిమడా ఈ జంప్‌లను ఎంత చిన్నప్పుడు పట్టిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టోక్యోలో పుట్టి అయిదేళ్లకు స్కేటింగ్ మొదలుపెట్టింది. తర్వాత క్యోటో ప్రాంతానికి, హమడా శిక్షణకు మారింది. 2021లో, ఇంకా నోవిస్ స్థాయిలో ఉండగానే, జాతీయ పోటీలో నాలుగు చుట్ల టో లూప్ జంప్ వేసింది. నోవిస్ అంటే జూనియర్ కన్నా కింది మెట్టు. పోటీలో రెండు భాగాలుంటాయి, ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పొడవైన ఫ్రీ ప్రోగ్రామ్. కాల్గరీలో పధ్నాలుగేళ్ల వయసులో ఒకే ఫ్రీ ప్రోగ్రామ్‌లో ట్రిపుల్ యాక్సెల్, క్వాడ్ టో లూప్ రెండూ వేసి నిలబడింది. ఇరవై పాయింట్ల తేడాలో పెద్ద వాటా వాటిదే.

పాయింట్ల లెక్క కాస్త ఓపిగ్గా చూద్దాం. డబుల్ యాక్సెల్ మూల విలువ 3.3, ట్రిపుల్ యాక్సెల్‌ది 8.0. ట్రిపుల్ టో లూప్ 4.2, క్వాడ్ టో లూప్ 9.5. చిన్న జంప్‌ల బదులు ఈ రెండు పెద్దవి వేస్తే మూల విలువలోనే సరిగ్గా పది పాయింట్లు లాభం. దాని మీద నాణ్యతను బట్టి న్యాయనిర్ణేతలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. ఒక్కో మెట్టూ మూల విలువలో పదో వంతు. ట్రిపుల్ యాక్సెల్ వేసి పడిపోతే మైనస్ 5 పడుతుంది, అంటే సగం పోయి నాలుగు మిగులుతుంది. పడినందుకు ఇంకొకటి కోస్తారు. చేతికొచ్చేది మూడు. అంతకన్నా డబుల్ యాక్సెల్ శుభ్రంగా వేసుకుంటే 3.3 వస్తుంది. చుట్టు పూర్తికాకుండా పడితే మూల విలువే 6.4కు తగ్గుతుంది, అన్నీ పోగా రెండు చిల్లర మిగులుతుంది. పదమూడేళ్ల పిల్ల చేసే జూదం అంటే ఇదే. అసలు జూదమే వద్దనుకునే దారి కూడా ఉంది.

ఆ దారి పేరు కావోరి సకమోతో. 2000లో పుట్టిన ఈ స్కేటర్ ట్రిపుల్ యాక్సెల్ లేకుండా, క్వాడ్ లేకుండా 2022, 2023, 2024ల్లో వరసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. జంప్‌లు, స్పిన్‌లు కాక ప్రోగ్రామ్ అల్లిక, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే మూడు అంశాలకు పదేసి మార్కులుంటాయి. మహిళల్లో ఆ మార్కులను షార్ట్ ప్రోగ్రామ్‌లో 1.33తో, ఫ్రీలో 2.67తో గుణిస్తారు. మూడింటిలోనూ ఒక్కో మార్కు ఎక్కువ తెచ్చుకుంటే షార్ట్‌లో నాలుగు, ఫ్రీలో ఎనిమిది కలిపి పన్నెండు పాయింట్లు. ఆ రెండు పెద్ద జంప్‌లు మూల విలువలో తెచ్చిన పదికన్నా ఇది ఎక్కువ. అందుకే సకమోతో స్కేటింగ్ చూస్తే జంప్ కన్నా ముందు ఆ వేగం కనిపిస్తుంది, మంచు అంచు నుంచి అంచుకు గాలిలా దూసుకెళ్లే జారుడు కనిపిస్తుంది. అది పదమూడేళ్లకు రాదు. ఏళ్లు పడుతుంది.

మిలాన్‌లోనూ ఇదే కనిపించింది. బంగారం గెలిచిన అమెరికా స్కేటర్ అలీసా లియూకు ఇరవై, రెండో స్థానంలో సకమోతోకు ఇరవై అయిదు, మూడో స్థానంలో నకాయ్‌కి పదిహేడు. నకాయ్ బలం ట్రిపుల్ యాక్సెల్. మిగతా ఇద్దరి బలం అది కాదు. వయసు పెంచినవాళ్లు కోరుకున్న ఫలితం ఇలాంటిదే అయి ఉంటుంది.

షిమడా ఈలోగా ఏం చేసింది? గెలుస్తూనే ఉంది. 2022, 2023, 2024ల్లో వరసగా జూనియర్ గ్రాండ్ ప్రి ఫైనల్, 2024 ఆరంభంలో కొరియాలోని గాంగ్‌వాన్‌లో యూత్ ఒలింపిక్స్ బంగారం. ప్రపంచ జూనియర్ టైటిల్ కాల్గరీ తర్వాత 2024లో తైపేలో, 2025లో హంగరీలోని డెబ్రెసెన్‌లో. మహిళల్లో వరసగా మూడుసార్లు ఈ టైటిల్ గెలిచిన మొదటి స్కేటర్ ఆమే. డెబ్రెసెన్‌లో ఆమె మొత్తం 230 దాటింది.

జాతీయ పోటీల కథ వేరు, నాకు ఎక్కువ గుచ్చుకునేది అదే. జపాన్‌లో ఆట మెట్లు చాలా పకడ్బందీగా ఉంటాయి. ముందు నైపుణ్య స్థాయిని తేల్చే బ్యాడ్జ్ పరీక్షలు పాసవ్వాలి. ప్రాంతాల వారీ పోటీలు, తర్వాత తూర్పు జపాన్, పశ్చిమ జపాన్ పోటీలు, చివర్లో ఆల్ జపాన్, అంటే జాతీయ పోటీలు. నాగానో జిల్లా నోబెయామాలో 1992 నుంచి చిన్నపిల్లల కోసం వేసవి శిబిరం పెడుతున్నారు. నాగానో ఒలింపిక్స్ కోసం మొదలైన ఆ శిబిరంలో నుంచే అరకావా, అసడా, యుజురు హన్యూ లాంటివాళ్లు పైకొచ్చారు. జూనియర్ జాతీయ పోటీల్లో ముందు నిలిచినవాళ్లను సీనియర్ల ఆల్ జపాన్‌కు పిలుస్తారు. చిన్నవాళ్లకు పెద్దల పక్కన నిలబడే అవకాశం అది.

షిమడా 2022లో పధ్నాలుగేళ్లకు అక్కడ మూడో స్థానంలో నిలిచింది. 2023లో మళ్లీ మూడు. 2024లో రెండు. 2025లో రెండు. నాలుగేళ్లు, నాలుగు పతకాలు. ప్రతిసారీ పతకం వేసుకుని కిందికి దిగాక, సీనియర్ ప్రపంచ పోటీలకో ఒలింపిక్స్‌కో వెళ్లేవాళ్ల పేర్లు చదువుతారు. ప్రతిసారీ ఆమె పేరును దాటుకుని తర్వాతివాళ్ల దగ్గరికి వెళ్తారు. 2025 డిసెంబర్‌లో సకమోతో, నకాయ్, మోనే చిబా ఎంపికయ్యారు. ముగ్గురూ అర్హులే, అందులో ఎవరి తప్పూ లేదు. అయినా దేశంలో రెండో స్థానంలో నిలిచిన అమ్మాయి, తన వెనక నిలిచినవాళ్లు ఒలింపిక్స్‌కు వెళ్తుంటే చప్పట్లు కొట్టాల్సి రావడం చిన్న పరీక్ష కాదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వయసు పెంచడం సరైన పనే. పదిహేనేళ్ల పిల్లను ప్రపంచం మొత్తం చూస్తుండగా ఆ ఒత్తిడిలోకి తోయడం ఎంత దారుణంగా ఉంటుందో బీజింగ్ చూపించింది. ఎక్కడ గీత గీసినా ఒకరు అవతల పడతారు. దాన్ని జరపడం మొదలుపెడితే అంతుండదు. షిమడా కోసం నాలుగు నెలలు జరిపితే, అయిదు నెలల తేడాతో మిగిలిపోయిన ఇంకో అమ్మాయికి ఏం చెప్తాం?

కానీ ఈ నిబంధన చేస్తానన్న పనిలో సగమే చేసింది. పిల్లల ఎముకల్ని కాపాడాలన్నది కారణాల్లో ఒకటి. షిమడా క్వాడ్ నేర్చుకుంది నోవిస్‌గా ఉన్నప్పుడు. ట్రిపుల్ యాక్సెల్, క్వాడ్ కలిపి వేసింది పధ్నాలుగేళ్లకు. ఆ పోటీలన్నీ జూనియర్ లేదా అంతకన్నా కింది పోటీలే, ఆ జంప్‌లకు అక్కడా అవే పాయింట్లు. జూనియర్ షార్ట్ ప్రోగ్రామ్‌లో పెద్ద జంప్‌లకు చోటివ్వరు, మంచిదే. ఫ్రీలో అలాంటి అడ్డేమీ లేదు. అంటే సీనియర్ వేదికను దూరం జరిపారే గానీ, పదమూడేళ్ల ఒళ్లు మోసే బరువు అలాగే ఉంది. కెమెరాలు తక్కువున్న చోటికి మారింది, అంతే. నిజంగా ఒంటి మీద బెంగ ఉంటే జూనియర్ ఫ్రీలో క్వాడ్‌కు ఏం విలువ ఇవ్వాలి, ఎన్ని వేయనివ్వాలి అన్న చర్చ జరగాలి. చీలమండ జూలై 1 చూసుకుని విరగదు.

మరో వైపు నుంచి చూస్తే ఈ ఆలస్యం కోచ్‌ల లెక్క మారుస్తుంది. పదిహేనుకే శిఖరం ఎక్కించి వదిలేసే పద్ధతికి ఇక ఒలింపిక్స్‌లో ప్రతిఫలం లేదు. పదిహేడు దాటాక కూడా నిలిచే టెక్నిక్ కావాలి, ఎదిగిన ఒంటితో వేయగల జంప్ కావాలి. షిమడా ఈ నాలుగేళ్లూ జూనియర్‌గానే ఉంటూ ఎదిగింది. ఆల్ జపాన్‌లో ఆమె స్థానం కాలంతో పాటు జారలేదు, మూడు నుంచి రెండుకు ఎక్కింది. ఆమె భవిష్యత్తు మీద నాకున్న నమ్మకానికి జూనియర్ టైటిల్స్ కన్నా ఇదే పెద్ద ఆధారం.

అసడా విషయంలో ఆగడం ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. 2010 వాంకూవర్‌లో పంతొమ్మిదేళ్ల వయసులో ఒకే పోటీలో మూడు ట్రిపుల్ యాక్సెల్‌లు వేసింది. షార్ట్‌లో ఒకటి, ఫ్రీలో రెండు. అయినా కొరియాకు చెందిన కిమ్ యునా వెనక రజతమే దక్కింది. 2014 సోచీలో షార్ట్ ప్రోగ్రామ్ పూర్తిగా చెడి పదహారో స్థానానికి పడిపోయింది. మర్నాడు ఫ్రీలో తన జీవితంలోనే అత్యుత్తమ స్కోరు చేసి ఆరో స్థానానికి వచ్చింది. జపాన్‌లో చాలామందికి వాంకూవర్ పతకం కన్నా సోచీలో ఆ నాలుగు నిమిషాలే ఎక్కువ గుర్తు. ఒలింపిక్ బంగారం గెలవకుండానే 2017లో రిటైరైంది.

షిమడా తర్వాతి ఒలింపిక్స్ 2030లో, ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి. మిలాన్‌లో లియూ బంగారం గెలిచిన వయసుకు ఒక ఏడాది ఎక్కువ, సకమోతో రజతం గెలిచిన వయసుకు నాలుగేళ్లు తక్కువ. ఈ ఆటలో అది ఇప్పుడు ముదురు వయసేమీ కాదు.

దానికి ముందు దాటాల్సింది 2026 జూలై 1. ఆ రోజుకు ఆమెకు పదిహేడేళ్ల ఎనిమిది నెలలు నిండుతాయి, సీనియర్ తలుపు తెరుచుకుంటుంది. షార్ట్ ప్రోగ్రామ్‌లో ట్రిపుల్ యాక్సెల్ వేయొచ్చు. 2025-26 దాకా ఉన్న నిబంధనల్లో జూనియర్ ఫ్రీ మూడున్నర నిమిషాలు, సీనియర్‌ది నాలుగు. కాళ్లు బరువెక్కి, ఊపిరి అందని సమయంలో వచ్చే అదనపు ముప్పై సెకన్లవి. జాతీయ పోటీల్లో సీనియర్ల మధ్య ఆడిన నాలుగేళ్లూ ఆమె ఆ ముప్పై సెకన్లను ఏడాదికోసారి రుచి చూసింది. ఇకమీదట ప్రతి పోటీలోనూ అవి ఆమెవే.